వెనక సీటు కుడి మూల

పాత కారు పెట్రోలు బంకులో ఆగగానే ఒక ముసలమ్మ వచ్చి తలుపు పట్టుకుంది.

"బాబూ, పాత కార్ల పోటీకేనా? నన్నూ అక్కడ దింపుతావా?"

కారాయన ఆమె చెప్పుల దుమ్ము వంక చూశాడు. కట్టుకున్న భార్యనే కాళ్ళు కడుక్కుని ఎక్కమన్న మహానుభావుడు మరి!

"బస్సులు లేవా అవ్వా?" అంది ముందు సీట్లోంచి భార్య.

"ఎక్కనీ అక్కయ్యా. పోటీకి పాత సరుకు ఎంతుంటే అంత మంచిది," అన్నాడు వెనకనుంచి తమ్ముడు.

ముగ్గురూ పకపకా నవ్వారు.

ముసలమ్మ వెనక సీట్లో కుడి మూలకి ఒదిగి కూర్చుంది.

"పది దాటితే గేటు మూసేస్తారు. ఈసారి కప్పు మనదే," అన్నాడు కారాయన. ఆ సంగతి అప్పటికే ఊరంతా డప్పు కొట్టి వచ్చాడు.

"బండి అమ్మినవాడు ఏమన్నాడు బావా? వాళ్ళ నాన్న పెళ్ళాన్ని ఎక్కించుకోందే బండి తీసేవాడు కాదట! అదీ వెనక సీట్లోనే!"

"కొంగు పట్టుకు తిరిగే రకం. కొందరి బతుకులంతే."

బండి కాస్త మొరాయించగానే ముసలమ్మ మడమతో నేలని టక్కున కొట్టింది.

"అవ్వా, కాలు ఆపు. తివాచీ కొత్తది."

"నేను ఆపితే ఇదీ ఆగుతుంది నాయనా."

"ఓహో! నా బండి నీ కాలి మీద నడుస్తోందా?"

మళ్ళీ టక్కుమంది.

కారాయన బండి పక్కకి తీసి ఆపాడు. "దిగు తల్లీ, నీకో దణ్ణం."

ఆమె దిగింది. వాళ్ళు రోజూ రెండుసార్లు బాదితేగానీ పడని ఆ తలుపుని, కాస్త పైకెత్తి మెత్తగా వేసింది.

మైలు దూరమైనా పోకుండానే బండి దగ్గి దగ్గి ఆగిపోయింది.

"పైన పటారం, లోన లొటారం," అంది భార్య.

"నువ్వు నోరు మూసుకో!"

ప్లగ్గులు తుడిచారు. లాభం లేదు. కార్బురేటర్ విప్పారు. చుక్క లేదు. ట్యాంకు చూస్తే నిండుగా ఉంది.

"పంపు బావా! తాళం తిప్పితే టిక్కుటిక్కుమనాలి, మూగనోము పట్టింది."

ట్యాంకులోంచి పెట్రోలు తోడే ఆ పంపు వెనక సీటు దగ్గర, నేల కింద ఉంది. తివాచీ ఎత్తారు.

కుడి మూల రేకు, సరిగ్గా పంపు మీద, మడమంత మేర సొట్టపడి నున్నగా అరిగి ఉంది.

బావమరిది ఆ సొట్టలో పానాతో ఒక్కటి వేశాడు.

టిక్కు, టిక్కు, టిక్కు.

"లోపల ముక్కేదో అతుక్కుపోతోంది. దెబ్బ పడితేగానీ విడవదు," అన్నాడు, గొంతు తగ్గించి.

గేటు మూసే వేళ ఎప్పుడో దాటిపోయింది.

కారాయన బండి వెనక్కి తిప్పాడు. ఆమెని దింపేసిన చోట దుమ్ము తప్ప ఎవరూ లేరు.

బండి అమ్మినవాడి నాన్న పట్టుకు తిరిగాడని వాళ్ళు నవ్వుకున్న కొంగు ఆవిడదే.