రెండో బ్రేకు

బండి నడిరోడ్డు మీద గక్కున ఆగింది.

వెనకాల హారన్ల మోత మొదలైంది.

“అమ్మగారూ, ఈ జన్మకి మీకు బండి రాదు,” అన్నాడు మాస్టారు.

“ఆపింది నేను కాదు మాస్టారూ. మీరే నొక్కారు.”

నిజమే. డ్రైవింగ్ స్కూలు కారులో నేర్పేవాళ్ళ కాళ్ళ దగ్గర కూడా ఒక బ్రేకు ఉంటుంది. ఈ మాస్టారి కుడికాలు దాన్ని వదిలి బతకలేదు. అందుకే ఆయన లేనప్పుడు అందరూ ఆయన్ని బ్రేకు మాస్టారంటారు.

“కుక్క అడ్డం వస్తుందేమోనని…”

“ఏదీ కుక్క?”

“వస్తే?”

ఆమె నవ్వింది. యాభై దాటిన మనిషి. ఇంజను స్టార్టు చేసేముందు స్టీరింగును రెండుసార్లు తట్టి, “పద తల్లీ, మనకోసం ఎదురుచూస్తున్నారు,” అంటుంది. ఆ తర్వాత చేతులు గజగజ వణుకుతాయి.

“బండితో కబుర్లేంటమ్మా, గేరు వెయ్యండి!” అని మాస్టారు రోజూ విసుక్కుంటాడు.

ఆరోజు విసుగు మరీ ఎక్కువగా ఉంది. పొద్దున్నే భార్య తెగేసి చెప్పింది. “సగం మాట నోట్లో ఉండగానే అడ్డం పడతారు. పిల్ల మీతో మాట్లాడటమే మానేసింది. నాతో కౌన్సెలింగ్‌కి వస్తారా సరే, లేదంటే పిల్లని తీసుకుని మా అక్క దగ్గరికి పోతాను. ఆ తర్వాత…”

ఆ తర్వాతేమిటో వినకుండానే ఆయన చెప్పులేసుకుని వచ్చేశాడు.

ఉక్రోషం ఆగక భార్య అన్నవన్నీ ఇప్పుడు అమ్మగారి ముందు కక్కేశాడు. “కౌన్సెలింగట! నేనేమన్నా పిచ్చివాణ్ణా?”

“నేను వారం వారం వెళ్తున్నాను మాస్టారూ.”

మాస్టారు నాలుక కరుచుకున్నాడు.

“నాది భయం. స్టీరింగు పట్టుకుంటే ఊపిరాడదు. పక్కన ఇంకొకరి బ్రేకు ఉన్న బండితో మొదలుపెట్టమంది మా కౌన్సెలర్. అందుకే మీ దగ్గరికొచ్చాను.”

“ఓహో.”

“ఇంట్లో కూడా ఇలాగే నొక్కుతుంటారా?”

మాస్టారికి తేలు కుట్టినట్టయింది. “నొక్కకపోతే ఎలాగమ్మా? వాళ్ళకేమన్నా అయితే?”

“అయితే మీదీ భయమే. నాది చేతుల్లో ఉంది, మీది కాల్లో ఉంది.”

మాస్టారు వంగి తన కుడికాలి వైపు చూసుకున్నాడు.

“కాలు లేవబోయినప్పుడల్లా మోకాలి మీద చెయ్యి వేసి, ఊపిరి మెల్లగా వదలండి. నాకు నేర్పింది అదే. ఇంట్లో అయితే ఎదుటివాళ్ళ మాట అయ్యాకే చెయ్యి తియ్యండి.”

ఆ సాయంత్రం కూతురు తన స్నేహితురాలితో జరిగిన గొడవ గురించి తల్లికి చెబుతోంది. మాస్టారికి సలహాలు గొంతుదాకా వచ్చాయి. బల్ల కింద మోకాలిని పిండి పిండి చేశాడు.

కూతురు అలవాటు కొద్దీ మధ్యలో ఆగి తండ్రి వైపు చూసింది.

“తర్వాత?” అన్నాడాయన.

కూతురు తల్లి వైపు చూసింది.

“అమ్మా, నాన్నకి ఒంట్లో బాగుందా?”

కుక్క తోక ఒక్కరోజులో చక్కనవుతుందా? మర్నాడు మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మోకాలు పట్టుకున్నాడు. భార్య వెంట కౌన్సెలర్ దగ్గరికీ వెళ్ళాడు. అక్కడ భార్య మాట్లాడుతుంటే, ఈవిడ మనసులో ఇంత ఉందా అని సిగ్గుపడ్డాడు. వెళ్ళడం మాత్రం మానలేదు. అక్క ఇంటి మాట మళ్ళీ రాలేదు.

ఇటు బండిలో ఆమె చేతుల వణుకూ తగ్గుతూ వచ్చింది.

“మాస్టారూ, ఇవాళ కాళ్ళు రెండూ సీటు మీదికి మడుచుకుని కూర్చోండి,” అందో రోజు.

గుండె చిక్కబట్టుకుని కూర్చున్నాడు.

బండి మార్కెట్లోకి దూరింది. తోపుడుబళ్ళు, రోడ్డుకడ్డంగా ఒక లారీ, ఈసారి నిజంగానే ఒక కుక్క. సూదిలోంచి దారం వచ్చినట్టు బండి బయటికొచ్చింది. ఎక్కడా గీత కూడా పడలేదు.

మాస్టారు మీసం దువ్వాడు. “చూశారా? నా చేతిలో పడ్డాక బండి రాకపోవడమంటూ ఉండదు!”

“మీ చలవే మాస్టారూ,” అని నవ్వుతూ దిగి వెళ్ళిపోయింది.

మళ్ళీ రాలేదు. ఆమె ఎవరో, ఏం పని చేస్తుందో అడగాలని ఆయనకు ఏనాడూ తోచలేదు.

కొన్నాళ్ళకు కూతురి పుట్టినరోజు వచ్చింది. భార్య ఏటా మొదలుపెట్టే కథే మొదలుపెట్టింది.

“నువ్వు పుట్టిన రోజు ఎంత వానో! మీ నాన్న ఊళ్ళో లేరు. రోడ్ల నిండా నీళ్ళు. అంబులెన్సులో నేను…”

ఏటా సరిగ్గా ఇక్కడే, “సరేలే, క్షేమంగా పుట్టింది కదా!” అని ఆయన నొక్కేసేవాడు.

ఈసారి మోకాలి మీద చెయ్యి వేసుకున్నాడు.

“తర్వాత?”

భార్య తడబడింది. ఆయన ముందు ఈ కథ ఇంత దూరం రావడం ఇదే మొదటిసారి.

“డ్రైవరు ఆడమనిషండీ. ఆ నీళ్ళలో ఏ సందుల్లోంచి తిప్పిందో ఏమో, సమయానికి చేర్చింది. ఇంకాస్త ఆలస్యమైతే తల్లీబిడ్డా దక్కేవాళ్ళు కాదన్నారు డాక్టర్లు. ఆమధ్య ఆస్పత్రికి వెళ్ళినప్పుడు ఆవిడ గురించి అడిగాను. పోయినేడాది బండి బోల్తా పడిందట. అప్పట్నించీ స్టీరింగు ముట్టుకోవడం లేదన్నారు పాపం.”

మాస్టారి చెయ్యి మోకాలి మీద బిగుసుకుంది.

“ఎలా ఉంటుందావిడ?”

“ఆ నొప్పుల్లో ముఖం ఎక్కడ చూశాను? ఒక్కటే గుర్తుంది,” అంది భార్య. “బండి మొరాయించినప్పుడల్లా స్టీరింగును రెండుసార్లు తట్టి, ‘పద తల్లీ, మనకోసం ఎదురుచూస్తున్నారు’ అనేది.”