మూడో సిలిండర్‌లో గీత

బ్రహ్మచారి విప్పిన కారు ఇంజన్ సిలిండర్‌లోకి చెయ్యి పెట్టి, గోటిని లోపలి గోడ మీద అడ్డంగా లాగాడు. గోరు ఎక్కడా ఆగలేదు.

"ఏమయ్యా, తగిలిందా?" స్టూలు మీద కూర్చున్న జ్ఞానశేఖర్ అడిగాడు. కారు ఆయనది.

"తగల్లేదు సార్. పైపై గీతనే. జెర హోనింగ్ కొడితే పోతది."

"పోయినవారం కూడా అదే అన్నావు. కొట్టావు. మళ్ళీ వచ్చింది."

అదే బ్రహ్మచారికి అంతుపట్టడం లేదు. ఇంజన్ మొత్తం విప్పి, కొత్త రింగులు తెచ్చాక మూడో సిలిండర్‌లో గీత కనబడింది. హోనింగ్‌తో అరగదీశాడు. గ్యాస్కెట్లు రాక పిస్టన్లు ఎక్కించడం ఆగింది. నిన్న సాయంత్రం అవి వచ్చాక చూస్తే అదే సిలిండర్‌లో ఇంకో గీత. బోయిగూడలో షెడ్డు పెట్టిన నాటి నుంచి అతని చేతిలో ఏ సిలిండరూ గీసుకుపోలేదు. చేతులు వణుకుతున్నాయేమోనని పొద్దున భార్య సుమిత్ర ముందు రెండు చేతులూ చాపాడు.

"మంచిగనే ఉన్నయి. చాయ్ తాగు" అందామె.

చేతులు బాగుంటే, ఇక మిగిలింది జ్ఞానశేఖర్.

ఆయన బేగంపేటలో ఓ ఆఫీసు నుంచి రిటైరయ్యాడు. కారు షెడ్డుకు వచ్చిన రోజు నుంచి ఆయనా వస్తున్నాడు. స్పానర్లు సైజువారీగా సర్దించాడు. టీకి వేళ పెట్టాడు. హారన్ బాగుచేయించుకోవడానికి వచ్చిన ఆటో డ్రైవర్‌ని లైనులో నిలబడమన్నాడు. లైనులో అతనొక్కడే. గిరాకీలు పక్క షెడ్డుకు పోతున్నాయి. ఈ కారు త్వరగా కదలకపోతే తన షెడ్డు మూతపడుతుంది.

"సార్, ఏమనుకోకుండ్రి. మీరు గిట్ల లోపల చెయ్యి పెట్టిన్రా?"

"నేనా? గ్రీజు ముట్టుకుంటానా? ఈ హోనింగులు వద్దు, బోరింగ్ చేయించు."

"బోరింగంటె సిలిండర్‌ని ఇంకింత పెద్దగ తొలిపియ్యాలె, లేత్ షాపుకు పోవాలె సార్. పెద్ద సైజు పిస్టన్లు దొర్కాలె. ఎన్ని దినాలైతదో!"

"నాకేం తొందర లేదు."

తొందరంతా బ్రహ్మచారికే.

మధ్యాహ్నం జ్ఞానశేఖర్ భార్య మేబెల్ రోజూలాగే క్యారియర్ తెచ్చింది. రోజూ మగవాళ్ళు వెనక వరండాలో తిన్నంతసేపూ ఆవిడ ఇంజన్ పక్కనే నిలబడుతుంది. జ్ఞానశేఖర్ చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. అక్కడున్న వెల్డర్‌కి కుళాయి కట్టే పద్ధతి చెప్పడం వినబడుతోంది.

ఇదే అదననుకున్నాడు బ్రహ్మచారి.

"మేడమ్, సార్ పొద్దంత ఈడనే ఉంటుండు. ఇంట్ల మీకు తక్లీఫ్ అయితుందేమో."

"ఏం చేస్తామండీ. రిటైరయ్యాక ఆయనకేమీ తోచడం లేదు. ఇంట్లో ఉంటే ఉప్పు డబ్బా ఎక్కడ పెట్టాలో చెబుతూ తిరుగుతారు." మేబెల్ సిలిండర్‌లోకి తొంగి చూసింది. "ఇంతకీ దీని సంగతేంటి?"

"పరేషాన్ గాకుండ్రి. గోరు తగల్తలేదు. ఇయాల హోనింగ్ కొడ్త. బండిని, సార్‌ని రేపు ఇంటికి తోలిస్త. ఇగ ఈడికి రావాల్సిన పనే ఉండది."

మేబెల్ కుళాయి వైపు చూసి, గొంతు తగ్గించింది.

"నిజంగా తగలడం లేదా?" అంది. "ఈసారి లోతుగానే గీశానే."