ల్యాండ్‌మాస్టర్ కళ్ళు

"వేలు పెట్టకు!" కార్ల లైట్లు బాగుచేసే జంగప్ప కసిరాడు.

విజయ్‌కుమార్ చప్పున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. షెడ్డులో బల్ల మీద విప్పి పెట్టిన ల్యాండ్‌మాస్టర్ కారు హెడ్‌లైటు డూమును తాకబోయింది అతనొక్కడే కాదు. అటువైపు నుంచి నవనీత కూడా వేలు చాచింది. ఆమె కూడా చెయ్యి తీసేసి, ముందుకు జారిన పొడుగాటి జడను వెనక్కి వేసుకుంది.

"వెండి పూత బిడ్డా. వేలిముద్ర పడ్డదంటే ఇగ పోదు," అన్నాడు జంగప్ప తలెత్తకుండానే. ఆ ముసలాయనకు ఆడా మగా అందరూ బిడ్డలే.

డూము లోపలి గిన్నె అద్దంలా మెరిస్తేనే దీపం దూరం పోతుంది. ఈ గిన్నె అడుగంటిన పాలగిన్నెలా ఉంది.

"ఎప్పుడు తుడిపిచ్చిండ్రు గివి?"

"మా నాయిన ఉన్నప్పుడు," అన్నాడు విజయ్‌కుమార్.

"మా మామ ఉన్నప్పుడంట," అంది నవనీత, అతని మాట పూర్తి కాకముందే.

కాపురం చేసినన్నాళ్ళూ ఇదే వరస. అతను ఒకటంటే అదే మాట పక్కనుంచి తనూ అనాలి. మనిషి పోయినా అలవాటు పోదు కాబోలు. విజయ్‌కుమార్‌కు నవ్వొచ్చింది.

"అవు, యాదికున్నది. వికారాబాద్ నుంచి గాయినే నడుపుకుంట వచ్చిండు," అన్నాడు జంగప్ప.

అంతా తలకిందులైన ఆ రాత్రి, ధారూర్‌లో పెళ్ళి భోజనం చేసి తిరిగి వస్తుంటే అనంతగిరి ఘాట్‌లో మంచు కమ్మింది. గుడ్డి లైట్లకు రోడ్డు అంచు కనబడలేదు. "ఏడాది సంది మొత్తుకుంటున్న, లైట్లు చేపియ్యమని," అని నవనీత సణిగింది. "రేపే తాండూరు పోదం, సరేనా?" అని నవ్వి, కారాపి, దారి చూడటానికి విజయ్‌కుమార్ దిగి ముందుకు నడిచాడు. తడి మట్టిలో కాలు జారింది. తమాయించుకొని వెనక్కి చూశాడు. మంచులో రెండు పచ్చటి మరకల్లా లైట్లు. తెరిచి ఉన్న తలుపు. సీట్లో నవనీత లేదు. ఎక్కడి నుంచో ఆమె కేక వినబడింది, అంతే.

తర్వాత ఇల్లంతా ఏడుపులు. హాల్లో దండ వేసిన ఫోటో వైపు చూసే ధైర్యం అతనికి ఇప్పటికీ లేదు. నవనీత మాత్రం ఇల్లు వదల్లేదు. బోసి నుదుటితో గదుల్లో తిరుగుతూనే ఉంది. పిలిస్తే పలకదు. ఎదురుగా వెళ్ళి నిలబడినా చూడదు. కోపం ఉండదా మరి! ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి తన వైపు చూసి నాలుగు తిట్టినా చాలు, అతని ప్రాణం కుదుటపడును. ఆడిన మాట ఇప్పటికైనా నిలబడితే ఆ కోపం కరుగుతుందని ఆశ. అందుకే కారు డీసీఎం లారీ ఎక్కి తాండూరు వస్తుంటే ఆమె కూడా లారీ ముందు సీట్లో కూర్చోవడం చూసి అతనికి ప్రాణం లేచి వచ్చింది.

ఎదురు హోటల్ నుంచి చాయ్ వచ్చింది. ఒకటి జంగప్పకు. ఇంకొకటి బెంచీ మీద, ఆలుమగల మధ్య. పోయినవాళ్ళకు చాయ్ ఎవరు పోస్తారు? విజయ్‌కుమార్‌కు తాగబుద్ధి కాలేదు. గ్లాసులో మీగడ కట్టింది.

జంగప్ప ఆముదం దీపానికి పట్టిన మసిని స్పిరిటులో కలిపాడు. దూదితో అద్ది, గిన్నె నడుమ నుంచి అంచు దాకా తిన్నగా తుడిచాడు. నల్లటి మసి కింద నుంచి తెల్లటి వెండి బయటపడింది.

"మా తాతలు పోచమ్మకు వెండి కండ్లు చేసేటోళ్ళు," అన్నాడు. "కండ్లు పెట్టినంక అమ్మ మొదటి సూపుకు మనిషి ఎదురుంగ నిలవడొద్దు. అద్దం వెడ్తరు. నేను కారుకైనా గదే పద్ధతి. మొదటి సూపు గోడ మీదనే పడాలె."

"మనిషి మీద పడితే?" విజయ్‌కుమార్ అడిగాడు.

"మనిషి మీద పడితే ఏమైతది?" నవనీత కూడా అడిగింది.

"ఉన్నది ఉన్నట్టు సూస్తది. మనం తట్టుకోం."

ఒక డూము బిగించాక, పరీక్షకని జంగప్ప షట్టరు దించాడు. షెడ్డు చీకటైంది. ఆయన కారెక్కుతుండగా నవనీత కదిలింది. నేరుగా కారు ముందుకు వెళ్ళి, సున్నం కొట్టిన నాపరాళ్ళ గోడ దగ్గర, పోగొట్టుకున్నదేదో వెతుకుతున్నట్టు నేల వైపు వంగింది.

"గా పొద్దు గీ లైట్లు మంచిగుంటే మనిషి దక్కుతుండె," అని గొణిగింది.

విజయ్‌కుమార్‌కు జంగప్ప మాట గుర్తొచ్చింది. ఉన్నది ఉన్నట్టు చూసే కన్ను ఆమె మీద పడితే? తాను ప్రాణంతో లేనని ఆమెకే తెలిసిపోతే? ఇక ఇంటికి రాదు. గదుల్లో ఆ గాజుల్లేని చేతుల నీడ కూడా మిగలదు.

"నవ్వీ! ఇటు రా!"

ఆమె కదల్లేదు. అతనే పరుగెత్తి ఆమె పక్కన నిలబడి చెయ్యి పట్టుకున్నాడు. ఎవరి చెయ్యో ఒకరిది మంచులా ఉంది.

"జరుగు బిడ్డా, జరుగు!" కారులోంచి జంగప్ప అరిచాడు. అప్పటికే ఆయన వేలు స్విచ్చి నొక్కేసింది.

వెలుగు విరుచుకుపడింది. విజయ్‌కుమార్ కళ్ళు గట్టిగా మూసుకున్నాడు. పక్కన నవనీత వెక్కి వెక్కి ఏడుస్తోంది. చూడకూడదనుకున్నాడు. చూడకుండా ఉండలేకపోయాడు.

భయపడ్డదే జరిగింది. గోడ మీద ఇద్దరు లేరు. ఒక్కటే నీడ. ఇంత ప్రేమించిన మనిషి నిజంగానే లేదు, ఇక మిగిలింది తనొక్కడే. కన్నీళ్ళు తుడుచుకొని అతను ఆ ఒంటరి నీడ వైపు మరోసారి చూశాడు.

ఆ నీడకు జడ ఉంది.