పుట్టిలో ఐదో మనిషి

“చోటు లేదప్పా. ఇది మా ఇంటోళ్ళ కోసం మాట్లాడుకున్న పుట్టి.”

తోలు కప్పిన ఆ గుండ్రటి బుట్ట పడవలోంచే రత్నమణి కరాఖండిగా చెప్పేసింది.

గట్టు మీది మనిషి కదల్లేదు. యాభై ఏళ్ళుంటాయి. మోకాళ్ళ పైకి పంచె, చేతిలో సద్దిమూట.

“అవతల గట్టుకు పోవల్లమ్మా. రాళ్ళు కొట్టే పని. పొద్దున పుట్టి తప్పిపోయింది. నా పెండ్లాం ఆడ ఎదురు చూస్తాంటాది.”

“ఇంకోటి వస్తాది, దాంట్లో రా.”

కర్నూలు రాజధాని అయిన మరుసటేడు, కార్తీక మాసం. తుంగభద్ర నిండుగా పారుతోంది.

ఈ రోజు కోసం రత్నమణి రెండేళ్ళు కాచుకుంది. కరువేడు నందికొట్కూరులో బావులన్నీ ఎండిపోయాయి. బిందెడు నీళ్ళకు ఇద్దరు పిల్లల్నీ వెంటేసుకుని ఎండలో మైలు నడిచేది. అప్పుడే వాళ్ళకు మాటిచ్చింది. “వానలు పడనీ. మిమ్మల్ని పుట్టిలో కూర్చోబెట్టి ఏరు చూపిస్తా.”

వానలు పడ్డాయి.

“వనభోజనానికి చెట్లు చాలవా, ఏట్లోనే పోవల్లనా?” అంది అత్త నాగలక్ష్మమ్మ, తాను రానని.

భర్త శ్రీనివాసులు బడి అయ్యవారు. “వచ్చే ఏడు చూద్దాంలే” అని నసిగాడు.

“ఈ ఏడే” అంది రత్నమణి.

పుట్టి తోలే జిలాని బాషాతో పది రోజుల ముందే మాట్లాడింది. రెండు మైళ్ళ కింద మామిడితోపులో వంట, తిరిగి రావడానికి ఎద్దులబండి. పుట్టిలో ఎవరు ఎక్కడ కూర్చోవాలో కూడా ఆమే తేల్చింది. ఇప్పుడీ మనిషి ఎక్కడి నుంచి ఊడిపడ్డాడు?

“ఒక్కడే కదమ్మా. అవతల దింపేసి పోదాం” అన్నాడు జిలాని.

“సరే. ఆ అంచున కూర్చో. పిల్లల మీద పడొద్దు.”

ఆ మనిషి దండం పెట్టి ఎక్కాడు.

“పేరేంది?” అడిగాడు శ్రీనివాసులు.

“సుంకప్ప, సామీ.”

పుట్టి గుండ్రంగా తిరుగుతూ నీళ్ళల్లోకి జారింది. పిల్లలు కేరింతలు కొట్టారు. రత్నమణికి కళ్ళు చెమర్చాయి. రెండేళ్ళ కింది మాట ఇవాళ చెల్లింది.

ఎనిమిదేళ్ళ ఈశ్వరి చిత్రాన్నం గిన్నె మూత తీసి, సుంకప్ప వైపు చూసింది. “ఈయప్పకూ ఇంత పెడదామా?”

“ముందు తోపు చేరనీ” అని రత్నమణి మూత పెట్టేసింది.

సుంకప్ప నవ్వి, తల తిప్పుకున్నాడు.

నడి ఏట్లో రాళ్ళున్నాయి. పుట్టి ఒకదానికి తగిలి గిర్రున తిరిగింది. నీళ్ళు తాకాలని వంగి ఉన్న ఈశ్వరి, కేక కూడా వేయకుండా ఏట్లో పడిపోయింది.

“నా బిడ్డ!”

శ్రీనివాసులు కొడుకును కరుచుకుని కొయ్యబారిపోయాడు. జిలాని తెడ్డు వదిలితే పుట్టి తిరగబడుతుంది.

దభీమని చప్పుడైంది.

అంచున మనిషి లేడు.

ఇద్దరూ కనబడలేదు. రత్నమణి తానూ దూకబోయింది. జిలాని ఒంటి చేత్తో ఆమె కొంగు పట్టి లాగాడు.

అంతలో పది గజాల కింద నీళ్ళల్లోంచి ఈశ్వరి లేచింది. ఆమె కింద రెండు చేతులు. ఆ చేతుల కింద, గడ్డం దాకా నీళ్ళల్లో, సుంకప్ప తల. కాళ్ళ కింద ఏదో రాయి దొరికినట్టుంది. ప్రవాహం ఊపేస్తున్నా చేతులు దించలేదు.

“పట్టుకోమ్మా!” అన్నాడు. అంతే.

జిలాని పుట్టిని అటు తోసుకెళ్ళాడు. రత్నమణి వంగి బిడ్డను లాక్కుంది. ఈశ్వరి నీళ్ళు కక్కి, ఏడ్చింది. ఆ ఏడుపు వినబడ్డాకే రత్నమణికి ఊపిరి ఆడింది.

తలెత్తి చూసింది. సుంకప్ప నిలబడ్డ చోట నీళ్ళు పారుతున్నాయి.

“యాడ ఆ మనిషి?”

జిలాని చుట్టూ చూశాడు. “ఈతగాడేలేమ్మా. నీళ్ళ వాలున కిందికి పోయింటాడు. ఈత రానోడు అట్ల దూకుతాడా?”

అవతల గట్టు చేరారు. జిలాని ఇంకో ఇద్దర్ని పిలుచుకుని ఏట్లోకి వెళ్ళాడు. గంట గడిచింది.

“బిడ్డ తడిసిపోయింది. ఇంటికి పోదాం పా” అన్నాడు శ్రీనివాసులు.

“పోను.”

“వాళ్ళు వెతుకుతున్నారు కదా!”

“ఆయన పెండ్లాం ఈడనే ఎదురు చూస్తాంటాదని చెప్పినాడు. ఆమెకు నేనే చెప్పల్ల. ఇంకొకరి నోటితో వినగూడదు.”

తడి చీరతోనే నడిచింది. ముళ్ళు గుచ్చుకున్నా ఆగలేదు. రాళ్ళు కొట్టే చోట వాళ్ళనూ వీళ్ళనూ అడిగింది. బండ నీడన కూర్చున్న ఒకామెను చూపించారు. పేరు గిడ్డమ్మ.

రత్నమణి ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చుని, రెండు చేతులూ పట్టుకుంది.

“నీ మొగుడు ఏట్లో దూకి నా బిడ్డను బతికించినాడక్కా. ఆయనకు నేను సరిగ్గా చోటు కూడా ఇయ్యలేదు. ఇప్పుడు కనబడలేదు, వెతుకుతాండారు. యాడో కింద ఈదుకుంటా గట్టు చేరింటాడు. నీకు అప్పజెప్పేదాకా నేను ఈ గట్టు దిగను.”

గిడ్డమ్మ ఆమెను అర్థం కానట్టు చూసింది.

“ఈదుకుంటా చేరింటాడా?” అంది మెల్లగా. “మాది ఆలూరు పక్క పల్లె తల్లీ. మునిగేన్ని నీళ్ళు మాకు యాడుండాయి, ఆయప్ప ఈత నేర్చేకి?”