ఎనిమిదో భాగం

ఏడు భాగాలు చూసి, ఎనిమిదోది చూడకుండా మనుషులు ఎలా ఉండగలరు? వాళ్లకు ముద్ద దిగుతుందా? కంటి మీద కునుకు వస్తుందా?

కళ్లజోళ్ల షాపాయన చేతిలో చిన్న స్క్రూడ్రైవర్ ఉంది. దాని కింద టీచరమ్మ కళ్లజోడు ఉంది. బిగించాల్సిన మర ఎప్పుడో బిగిసిపోయింది. అయినా తిప్పుతూనే ఉన్నాడు. చేతికిస్తే ఆమె వెళ్లిపోతుంది. ఈలోపే ఒప్పించాలి.

"నిజంగా మానేస్తున్నారా?" అన్నాడు, మాటవరసకి అడిగినట్టు.

"నిన్నటితో సరి బాబాయిగారూ," అంది టీచరమ్మ. "మీరు అంతగా చెప్పారని 'ఉప్పు గిడ్డంగి' సిరీస్ మొదలుపెట్టాం. ఏడు భాగాలయ్యాయి, ఆ శవం ఎవరిదో కూడా తేల్చలేదు. మా ఆయనైతే రెండో భాగం నుంచీ గురకే. ఇవాళ్టి నుంచి పాటల పోటీ పెట్టుకుంటాం. నలభై వారాలట."

పాటల పోటీ! ఆయనకు కాళ్ల కింద నేల కదిలినట్టయింది. ఎవరో వచ్చి నోరు తెరుస్తారు. మూస్తారు. ఇంకెవరో కళ్లు తుడుచుకుంటారు. అందులో జనానికి ఏం కనిపిస్తుందో ఆయనకు ఎన్నడూ అంతుపట్టలేదు.

మూడేళ్లుగా టీచరమ్మ ఏ సిరీస్ చూడాలో ఆయనే చెబుతున్నాడు. ఇప్పటికి పదకొండు చెప్పాడు. పేపర్లో వచ్చినవన్నీ చదివి, పెళ్లి సంబంధం చూసినంత జాగ్రత్తగా ఏరి మరీ చెబుతాడు. ఆమె కళ్లజోడు మర మూడు నాలుగు నెలలకోసారి వదులవుతుంది. ఎందుకు వదులవుతుందో బిగించేవాడికే తెలియాలి. ఆ వంకన వస్తుంది, ఈయన ఒక పేరు చెబుతాడు, ఆమె తలూపి వెళ్తుంది.

ఒక్కడే చూస్తే చూసినట్టే ఉండదు. భయమేసినప్పుడు ఇంకొకరు కూడా ఉలిక్కిపడాలి. నవ్వొచ్చినప్పుడు ఇంకో భుజం కూడా కదలాలి. అప్పుడే అది జరిగినట్టు. ఇది ఆయన ఎవరికీ చెప్పుకోని సిద్ధాంతం.

"ఆ సంగీతం ఒకటి!" అంది టీచరమ్మ. "మొదటి నుంచి చివరి దాకా ఒకటే ఈల. చెవులు చిల్లులు పడుతున్నాయి. మీరెలా భరించారు బాబాయిగారూ?"

స్క్రూడ్రైవర్ ఆగింది.

"సంగీతం... దాన్ని పట్టించుకోకూడదమ్మా," అన్నాడు. "నేనైతే అసలు పట్టించుకోను."

"పోనీ భాషైనా మనదా అంటే కాదాయె. కింద వచ్చే అక్షరాలు చదవలేక చస్తున్నాం."

"అందుకేగా పవర్ మార్చింది! అక్షరాలు ఇంకాస్త పెద్దవి పెట్టుకోండి. మీవారిని సోఫా మధ్యలోంచి కుడిపక్కకు జరగమనండి."

"ఆయన మధ్యలో కూర్చుంటారని మీకెలా తెలుసు?"

"మీ మెడ చూస్తే తెలియడం లేదూ? మధ్య చోటు మగాడిదైన ఇంట్లోనే ఆడవాళ్ల మెడ ఇలా పట్టేస్తుంది."

టీచరమ్మ మెడ తడుముకుంది. ఆ మాట ఆమెకు బాగా నచ్చినట్టుంది. కానీ సిరీస్ దగ్గర మాత్రం మెత్తబడలేదు.

"పోనీ ఒక పని చెయ్యండి. చంపిందెవరో మీరే చెప్పేయండి. మాకు మిగతా మూడు భాగాల బాధ తప్పుతుంది."

ఆయన మరను ఇంకో చుట్టు తిప్పాడు. "చెప్పేస్తే ఇంకేం ఉంటుందమ్మా?"

"ఏమీ ఉండకూడదనే అడుగుతున్నా!" అని నవ్వి చెయ్యి చాపింది. "ఆ మర ఊడి చేతికొచ్చేలా ఉంది, ఇటివ్వండి."

ఇవ్వక తప్పలేదు. ఆమె కళ్లజోడు పెట్టుకుంది. ఎదుటి గోడ మీది చార్టులో అన్నిటికన్నా కింది వరస గడగడా చదివేసింది. లేచింది. సంచి భుజాన వేసుకుంది. ఆయన చూస్తుండగానే తలుపు దాకా వెళ్లింది. తలుపు మీద చెయ్యి వేసింది.

"ఎనిమిదో భాగంలో మేస్త్రీ నోరు విప్పుతాడు!"

అది తన గొంతేనని ఆయనకే నమ్మకం కలగలేదు.

ఆమె వెనక్కి తిరిగింది. "ఏ మేస్త్రీ? గిడ్డంగి మేస్త్రీయా? వాడు మూగవాడు కదా!"

ఆ సంగతి ఆయనకు ఒక్క క్షణం ఆలస్యంగా గుర్తొచ్చింది.

"అదే మరి," అన్నాడు.

టీచరమ్మ రెండడుగులు లోపలికి వేసింది. "మూగవాడు మాట్లాడతాడా?"

"ఇంతకన్నా నేను చెప్పకూడదు."

"అమ్మ దొంగవెధవ!" అంది ఆమె, మేస్త్రీని. "నాకు మొదటి నుంచీ వాడి మీదే అనుమానం. ఏడు భాగాలు మూగవాడిలా నటించాడా! ఉండండి, ఇవాళ ఏడున్నరకల్లా పెట్టేస్తాం. పాటలు ఎక్కడికి పోతాయి?"

ఆయన స్క్రూడ్రైవర్ సొరుగులో పెట్టి, మళ్లీ తీసి, మళ్లీ పెట్టాడు. అంత పెద్ద రహస్యం నోరు జారినందుకు పాపం కుమిలిపోతున్నాడనుకుందేమో, టీచరమ్మ గొంతు తగ్గించి, "బాధపడకండి బాబాయిగారూ, మా ఆయనకు చెప్పన్లెండి," అని మెట్లు దిగింది.

ఏడు కొట్టగానే ఆయన షాపు మూశాడు. పై అంతస్తులోనే ఆయన ఇల్లు. ఎక్కాడు. నాలుగు మెతుకులు తిన్నాననిపించి చెయ్యి కడుక్కున్నాడు. గడియారం చూశాడు. మళ్లీ చూశాడు.

సరిగ్గా ఏడున్నరకు వీధి అవతల టీచరమ్మ ఇంట్లో టీవీ వెలిగింది. మూగవాడు ఎలాగైనా నోరు విప్పాలని వెయ్యి దేవుళ్లకు మొక్కుకుంటూ, టీవీ లేని తన ఇంటి కిటికీలోంచి ఆయన దుర్భిణిని కంటికి ఆనించి, కింది అక్షరాలు చదవడం మొదలుపెట్టాడు.