శుక్రవారం తాళంచెవి

శుక్రవారం పొద్దున ఆరు. పికప్ తాళంచెవి మేకుకు లేదు.

రఘుపతి తిన్నగా క్యాంపు వంటగదికి వెళ్లాడు. ఎవరు తీశారో కొత్తగా వెతకాల్సిన పని లేదు.

"చావి ఇయ్యి."

ఓబయ్య బియ్యం కడుగుతూ తల ఎత్తలేదు. "నోరు వాసనొస్తాంది నాయనా. ఈపొద్దు వద్దులే."

"తాగింది నిన్న రాత్రి. పండి లేసిన. లబన్ డబ్బా మొత్తం తాగిన. ఎప్పుడో దిగిపోయింది."

"మజ్జిగ తాగితే కడుపులో మంట దిగుతాది, మందు దిగదు. ఈడ పోలీసోళ్లు ఎప్పుడు తాగినావని అడగరు, ఊదమంటారు. మిషన్‌లో తేలిందంటే జైలు. ఆమీద దేశం దాటిస్తారు. బయటినుంచి వచ్చినోళ్లం, మనకు రెండో మాట ఉండదు."

"వచ్చిండు పెద్ద వకీలు!"

అరబ్బు దేశంలోని ఆ ఖబూరా క్యాంపులో వరసగా ఇది మూడో శుక్రవారం. గురువారం రాత్రి రూమ్‌లో సీసా మూత తీయడం, తెల్లారి ఓవర్‌టైమ్ మనుషుల్ని సైట్‌కి చేర్చడం. రఘుపతికి రెండూ డ్యూటీలే.

అతను నిర్మల్ నుంచి లేబర్‌గా వచ్చి నాలుగేళ్లు ఎండలో ఇటుకలు మోశాడు. డ్రమ్ముల మధ్య బండిని రివర్స్ పెట్టే పరీక్షలో ఆరుసార్లు తప్పి, ఏడోసారి లైసెన్సు సంపాదించాడు. ఇంటి స్లాబూ, ఇద్దరు పిల్లల చదువూ ఆ చిన్న కార్డు మీదే నిలబడ్డాయి. అలాంటివాడికి భయం ఉండాలి. లేకపోయింది.

ఓబయ్యది కడప వైపు. యాభై దాటాయి. వంటకు వచ్చి రెండు నెలలు. ఏళ్ల కిందట చనిపోయిన కొడుకు చోట కంపెనీ ఇప్పటికి పని ఇచ్చిందట. ఆ కొడుకు ఎలా పోయాడో రఘుపతి ఎన్నడూ అడగలేదు. వంటవాడి సంగతులు ఎవరికి కావాలి?

మొదట్లో ఇద్దరూ బాగానే ఉండేవారు. ఒకరోజు బండిలో అతికించుకున్న ఫోటో చూసి ఓబయ్య అడిగాడు.

"ఎవురు ఈయప్ప?"

"మా అన్న భీమన్న. ఇదే కంపెనీల, నిజ్వా దిక్కు డ్రైవర్ ఉండె. ఇప్పుడు ఇంటికాడనే ఉంటుండు."

ఓబయ్య ఆ ఫోటోను చాలాసేపు చూశాడు. 

ఆ వారం నుంచే తాళంచెవి మాయం కావడం మొదలైంది.

ఈసారి రఘుపతి ఓపిక పట్టలేదు. చొక్కా పట్టుకుని గుంజాడు. బియ్యం గిన్నె బోర్లా పడింది. ఓబయ్య జేబులోంచి తాళంచెవి జారి నేల మీద పడింది.

"దొంగ ముసలోడా!"

"తిట్టుకో నాయనా. బండి మాత్రం తీయొద్దు."

గొడవ విని క్యాంప్ బాస్ ఫయాజ్ వచ్చాడు. రఘుపతి తను తాగిన సంగతొక్కటి తప్ప అన్నీ చెప్పాడు. తాళంచెవి దొంగతనం, సైట్‌కి ఆలస్యం, వంటవాడి పెత్తనం.

ఫయాజ్ ఓబయ్య వైపు తిరిగాడు. "నిజమేనా?"

 తాగాడు అని ఒక్క మాట అంటే చాలు, ఉద్యోగం ఆ పూటే పోతుంది.

"నిజమే సార్. నేనే తీసినా," అన్నాడు ఓబయ్య.

రెండు వారాల్లో అతని వీసా రద్దు చేశారు. వెళ్లే రోజు సంచీ భుజాన వేసుకుని రఘుపతి దగ్గరికి వచ్చాడు.

"పిల్లోళ్లు ఉండారు గదా నీకు," అన్నాడు.

రఘుపతి ముఖం తిప్పుకున్నాడు. పీడ వదిలిందనుకున్నాడు.

తర్వాతి శుక్రవారం తాళంచెవి మేకుకే ఉంది. అడ్డుపడేవాడు లేడు.

రౌండబౌట్ దగ్గర వెనక కారు వచ్చి పికప్‌ను చిన్నగా తాకింది. తప్పు పూర్తిగా ఆ కారుదే. కానీ పోలీసులు వచ్చారు. ఇద్దరినీ ఊదమన్నారు.

ఏడుసార్లకు దొరికిన కార్డు ఒక్క ఊపిరికి పోయింది. కోర్టు, జైలు, వేలిముద్రలు, చివరికి విమానం. మళ్లీ ఆ దేశంలో కాలు పెట్టే దారి లేదు.

ఊళ్లో ఇంటి ముందు, సగం లేచిన గోడల పక్కన అన్నదమ్ములు ఇద్దరూ కూర్చున్నారు.

"నిన్ను ఆపెటోడు అక్కడ ఒక్కడు లేకుండెనా?" అన్నాడు భీమన్న.

"ఒక ముసలోడుండె. చావి దాస్తుండె. నేనే కంప్లైంట్ చేసి ఎళ్లగొట్టిచ్చిన." ఆ మాట అంటుంటే రఘుపతికి మొదటిసారి సిగ్గేసింది.

భీమన్న లోపలికి వెళ్లి, పెట్టె అడుగు నుంచి మడతలు పడ్డ కాగితం తెచ్చాడు.

"నేనక్కడ, నువ్వింకా ఇంటికాడ ఉన్నప్పుడు ఆర్నెల్లు నా ఫోన్ రాలే, యాదుందా? సైట్ల సిగ్నల్ లేదని చెప్పిన. అబద్ధం. జైల్ల ఉన్న. రాత్రి తాగి, పొద్దున బండి తీసి, సైకిల్ మీద పొయ్యే మన కంపెనీ పిలగాన్నే గుద్దిన. ఆడు బతకలే. ఆని నాయిన మాఫీ రాసిచ్చిండు. అందుకే శిక్ష తగ్గింది. ఆయన మొకం గూడ నేను సూడలే."

రఘుపతి కాగితం మడతలు విప్పాడు.

అరబ్బీ వరుసల కింద, తెలుగులో, వంకర అక్షరాలతో ఆ తండ్రి సంతకం ఉంది: ఓబయ్య.