పరిగె బంతి

శిష్యులకు ఆట నేర్పుతూ రాఘవేందర్ సారు కొట్టిన గోల్ఫ్ బంతి, వేరుశనగ పీకేసిన చేలో మట్టిలో మిగిలిపోయిన పరిగె కాయలు ఏరుకుంటున్న సారమ్మ ఒడిలో పడింది.

“బంతి ఇయ్యవ్వా!”

“పీకిన చేన్ల దొరికింది ఏరుకున్నోళ్లదే సారూ.” సారమ్మ బంతిని కాయల్లో కలిపి కొంగు ముడేసింది. “గీ గంప నింపు, ఇస్త.”

సారు శిష్యుల వైపు తిరిగాడు. నా మాటలు మీ చెవికెక్కవని పొద్దున తిట్టింది వీళ్లనే. “జర చెయ్యెయ్యుండ్రి పిల్లలూ!”

ఒక్కరూ కదల్లేదు. వాళ్లలో స్వరూప చేతులు కట్టుకుంది.

“బంతి యాడ పడితే ఆడికెల్లే ఆడాలంటిరి గద సార్. సాకులు చెప్పొద్దంటిరి. ఎవరి బంతి వాళ్లే ఆడాలంటిరి.”

తను నేర్పినదాంట్లో ఒక్క మాటా పొల్లుపోలేదు. సారు నవ్వాపుకుంటూ మట్టిలో చతికిలబడి కాయలు ఏరసాగాడు.

గంప నిండాక సారమ్మ ముడి విప్పి బంతి ఇచ్చింది.

“రేపు గూడ గీ దిక్కే కొట్టు సారూ!”